ఇత్తడి పట్టని ఫ్రేము

బాన్సువాడ పాత బస్టాండు వెనక, బిచ్కుంద రోడ్డుకు మళ్లే మూలమీద, రేకుల షెడ్డు కింద పండరి సైకిల్ టాక్సీ ఉండేది. టాక్సీ అంటే ఇప్పటి పిల్లలు కారు అనుకుంటారు. గంటల చొప్పున సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణాన్ని ఆ రోజుల్లో అలా అనేవాళ్లు. పండరి దగ్గర పద్దెనిమిది సైకిళ్లు ఉండేవి. వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రంగుతో నంబరు, చెయిన్ కవరు మీద అతని పేరు. కోటగిరి నుంచి దవాఖానకు వచ్చినవాడైనా, వర్ని నుంచి విత్తనాలకు వచ్చినవాడైనా బస్సు దిగి ముందు పండరి షెడ్డుకే నడిచేవాడు.

సైకిళ్లు కిరాయికిచ్చేవాళ్లు జిల్లాలో వందమంది ఉంటారు. పండరికి పేరొచ్చింది అందుకు కాదు. అతనికి రెండు విద్యలు అబ్బాయి. ఒకటి చెవి. ఉత్త ఫ్రేమును వేలాడదీసి, సుత్తి కర్రతో ఒక్కసారి తట్టి, అది ఎంతకాలం నాటిదో, లోపల ఎక్కడ తుప్పు తిన్నదో, ఏ మూల పగులు మొదలైందో చెప్పేసేవాడు. రెండోది చెయ్యి. విరిగిన ఫ్రేముకు ఇత్తడి కరిగించి అతను అతుకు వేశాడంటే, తర్వాత ఆ సైకిలు లారీ కింద పడినా అతుకు మాత్రం ఊడేది కాదు. సొంత ఇల్లు లేదు, పొలం లేదు, పిల్లలు కలగలేదు. చెవి, చెయ్యి, భార్య హీరాబాయి. ఇంతే అతని సంసారం.

ఆదివారం పొద్దున షెడ్డులో ఫ్రేముల పంచాయితీ జరిగేది. చెబితే నవ్వుతారు గానీ, పాత సైకిలు ఫ్రేములంటే పడిచచ్చే మనుషులు ఈ చుట్టుపక్కల ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. పాత సామాన్ల అంగళ్లలో, దొరల గడి గోదాముల్లో, గడ్డివాముల వెనక వెతికి పట్టుకొచ్చేవాళ్లు. చక్రాలు, హ్యాండిలు, సీటు అన్నీ ఊడదీసి ఫ్రేమును పాత ట్యూబుతో దూలానికి కట్టాలి. మొదట అయస్కాంతం పెట్టి చూడాలి. ఆ తర్వాత వడ్ల కాంటా మీద తూకం. చివరికి పండరి తట్టాలి. పోస్టాఫీసు గుమాస్తా భానుప్రసాద్ చేతిగడియారం చూస్తూ మోత ఎన్ని సెకన్లు నిలిచిందో పైకి లెక్కపెట్టేవాడు. మోత ఆగేదాకా ఎవరూ చాయ్ గ్లాసు కింద పెట్టకూడదు, దగ్గకూడదు. అంతా అయ్యాక పండరి ఒక్క మాట చెప్పేవాడు. దాని మీద అప్పీలు లేదు.

ఆ పంచాయితీలో ఎన్నడూ ఓడని ఫ్రేము రత్తయ్యది. ఆయన వర్ని దగ్గర ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్ల క్యాంపులో మాగాణి రైతు. కాలువ నీళ్లను నమ్ముకుని ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చినప్పుడు, రైల్లో మంచాలకంటే ముందు ఎక్కించింది ఆ ఇంగ్లండు సైకిలునేనట. తట్టితే తొమ్మిది సెకన్లు మోగేది. "తొమ్మిది" అని భానుప్రసాద్ అనీ అనకముందే రత్తయ్య చెయ్యి మీసం మీదికి పోయేది. మనిషి మంచివాడే. హీరాబాయికి ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు దవాఖాన వరండాలో పడుకున్నాడు. కానీ తన ఫ్రేమును మించింది భూమ్మీద ఉందంటే మాత్రం ఆయనకు అన్నం సయించేది కాదు.

తొంభై ఆరులో, చెరకు నరుకుళ్లు మొదలైన రోజుల్లో, బొంబాయి నుంచి హైదరాబాదుకు సైకిలు మీద పోతున్న ఒక తెల్లాయనను బిచ్కుంద దాటాక చెరకు ట్రాలీ ఒకటి గుద్దేసింది. భుజం ఎముక విరిగింది. సైకిలు చక్రాలు నలిగిపోయాయి, ముందరి ఫోర్కు వంగింది. ఫ్రేముకు మాత్రం సొట్ట కూడా పడలేదు. మనిషిని బాన్సువాడ దవాఖానకు, సైకిలును పండరి షెడ్డుకు చేర్చారు. రెండు రోజులకు హైదరాబాదు నుంచి జీపు వచ్చింది. ఆయన జీపును షెడ్డు ముందు ఆపించి, చేతికి కట్టుతోనే దిగి, చాలాసేపు ఏదో చెప్పాడు. ఇంగ్లీషు తెలిసినవాడని భానుప్రసాద్‌ను పిలిపించారు.

"ఏమంటుండు సార్?" అన్నాడు పండరి.

"మళ్ల వచ్చి తీస్కపోతడంట. అప్పటిదాక నీ తాన పెట్టమంటుండు. దానికి ఏం జెయ్యొద్దంట. రంగు గూడ వెయ్యొద్దంట. ఉన్నదున్నట్టే ఉంచాల్నంట."

పండరి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అమానత్ అని చెప్పు సార్. పానం బోయినా ఇడువ."

అమానత్ అంటే ఒకరు నమ్మి అప్పగించిపోయిన సొత్తు. ఈ ప్రాంతంలో ఆ మాటకు బరువు ఎక్కువ. భానుప్రసాద్ దాన్ని ఇంగ్లీషులోకి ఏమని మార్చాడో గానీ, తెల్లాయన కళ్లు తడయ్యాయి. బాగున్న చేత్తో ఫ్రేమును లేగదూడ మెడ నిమిరినట్టు నిమిరి జీపెక్కాడు. ఆయన పేరు ఎవరి నోటికీ పట్టలేదు. ఆ తర్వాత ఆయన నుంచి ఒక ఉత్తరం ముక్క కూడా రాలేదు.

పండరి విరిగిన భాగాలు తీసేసి ఫ్రేమును లోపలి గోడకు తగిలించాడు. రంగు లేదు. బూడిదరంగు లోహం, అంతే. తగిలించేటప్పుడే చెయ్యి వింత పడింది. ఖాళీ బుట్టను ఎత్తినంత తేలిక. ఎవరూ లేనప్పుడు ఉండబట్టలేక ట్యూబుకు కట్టి ఒకసారి తట్టాడు. ఇనుము మోతకు అడుగున ఎక్కడో ఒక గరుకు ఉంటుంది. ఎంత మంచి ఉక్కుకైనా ఉంటుంది. దీనికి లేదు. మోత సన్నగా, శుభ్రంగా, ఆగాలని తోచనట్టు సాగుతూనే ఉంది. ముప్పై ఏళ్లుగా ఫ్రేములను వింటున్న మనిషి స్టూలు మీద కూలబడి, హీరాబాయిని కేకేసి పిలిచి, ఆమెకు కూడా వినిపించాడు. ఆమె విని, "మంచిగుంది" అని పొయ్యి దగ్గరికి పోయింది.

మరుసటి ఆదివారం దాన్ని పంచాయితీకి పెట్టాడు. రత్తయ్య అయస్కాంతం ఆనించాడు, అది జారి కింద పడింది. కాంటా మీద పెడితే మామూలు ఫ్రేములో సగం కూడా తూగలేదు. పండరి తట్టాడు. భానుప్రసాద్ లెక్కపెడుతున్నాడు. తొమ్మిది దాటింది. పది దాటింది. పదమూడు దగ్గర మోత ఆగింది. షెడ్డులో ఎవరూ కదల్లేదు.

ముందు తేరుకున్నది రత్తయ్యే. "అయస్కాంతం పట్టలేదుగా. అక్కడే తేలిపోయాక మోతదాకా ఎందుకొచ్చామయ్యా? మా ఇంట్లో పాలక్యాను కూడా మోగుతుంది. రేపు పట్టుకొస్తా, లెక్కపెట్టండి."

అందరూ పగలబడి నవ్వారు. పండరి ముఖం ఎర్రబడింది.

"అల్మీనం గాదన్నా. అల్మీనం మీద ఆకురాయి వెడితె వెన్నలెక్క లేస్తది. గిది జారుతుంది. నేను కింద, కండ్లవడని తాన రాకి సూసిన."

అంటే అప్పటికే రాకాడన్నమాట. ఏం చెయ్యొద్దని చెప్పిపోయిన దానికి అది మొదటి తప్పు, గోరంత తప్పు. ఎవరూ పట్టించుకోలేదు. పండరి కూడా పట్టించుకోలేదు.

"బరువు లేనిదానికి బలమెక్కడిదయ్యా పండరీ?" అన్నాడు రత్తయ్య. "నీ చెవి ముసలిదైపోయింది."

ఆ రోజునుంచి ఆ ఫ్రేముకు పాలక్యాను అని పేరు పడింది. పండరి చెప్పిన మాట మీద అప్పీలు లేని షెడ్డులో, మొదటిసారి అతని మాట నిలవలేదు. అతను మళ్లీ మళ్లీ చెప్పాడు. ఇది వేరే లోహం, మనం ఎరగనిది, మన ఫ్రేములన్నిటికన్నా పైది అన్నాడు. చెప్పినకొద్దీ నవ్వు పెరిగింది. చాయ్ తెచ్చే హోటలువాడు కూడా "పాలక్యాను ఎట్లుంది పండరన్నా?" అని అడిగేవాడు. ఊరికి ఒక మాట దొరికితే దాన్ని అరిగేదాకా వాడుతుంది, అవతలివాడు అరిగిపోతున్నాడా అని చూడదు.

ఇంతలో కాలం కూడా అతని మీద పగబట్టినట్టే నడిచింది. షేరింగ్ ఆటోలు వచ్చాయి, క్యాంపుల్లో ఇంటికో మోటారుసైకిలు వచ్చింది. పద్దెనిమిది సైకిళ్లు ఏడయ్యాయి. వారంలో ఆరు రోజులు పండరితో మాట్లాడే మనిషి లేడు. ఆదివారం ఒక్కటే మిగిలింది. తొంభై తొమ్మిది చివర్లో అదీ జారిపోసాగింది. రత్తయ్య కొత్తగా దొరికిన ఒక ఫ్రేమును తీర్పుకోసం కోటగిరిలో ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడని తెలిసింది. ఆయన వెంట ముగ్గురు పోయారు. ఆ ఆదివారం షెడ్డుకు వచ్చింది భానుప్రసాద్ ఒక్కడే. ఇద్దరూ తెప్పించిన చాయ్ తాగకుండా కూర్చున్నారు. పండరికి తల కొట్టేసినట్టయింది.

రత్తయ్య వాదం ఒకటి ఉండేది. నిజానికి ఈ చుట్టుపక్కల అందరి నమ్మకమూ అదే. ఇక్కడ సైకిలంటే ఎక్కి తిరిగేది కాదు, మోసేది. రెండు వడ్ల బస్తాలు, నాలుగు పాలక్యాన్లు మోయాలి. అందుకని కొత్త సైకిలు కొన్నవాడు ఇంటికి పోయేలోపే పండరి దగ్గర ఆపి, వెనక భాగానికి ఇనుప కొక్కేలు, బరువు స్టాండు ఇత్తడితో అతికించుకునేవాడు. ఇత్తడి పట్టిందంటే అసలు లోహం. పట్టలేదంటే అది ఫ్రేమే కాదు. అంతకుమించిన పరీక్ష ఈ ఊళ్లలో లేదు. రత్తయ్య రెండేళ్లుగా అదే అంటున్నాడు. "నీ చెయ్యి పడితే ఇత్తడి పట్టి తీరాలి కదా. పట్టించు. పడితే నా ఇంగ్లండు ఫ్రేము తెచ్చి నీ దూలానికి నేనే కట్టి పోతా."

రెండేళ్లూ పండరి ఒకటే జవాబు చెప్పాడు. అమానత్‌కు అగ్గి పెట్టకూడదు. కోటగిరి సంగతి విన్నాక ఆ జవాబు అతని నోట్లోంచి పోయింది. వచ్చే ఆదివారం అందరూ రావాలి, పాలక్యానుకు ఇత్తడి పెడుతున్నానని కబురు పంపాడు.

హీరాబాయి విని గుమ్మంలో నిలబడింది. "పరాయోళ్ల సొమ్ము గది. ఏం జెయ్యనని గుండె మీద చెయ్యేసుకున్నవు గదా."

"పాడు జేస్తనా ఏంది? ఒక్క కొక్కెం అతుకు. ఆయనొస్తే తీసేస్త. నా చెయ్యి మీద నీకే నమ్మకం లేకుంటె ఇగ ఎవలకుంటది?"

ఆమె లోపలికి తిరిగింది. చేసేది తప్పని మనిషికి తెలిసినప్పుడే ఇలా చెయ్యి సంగతి, నమ్మకం సంగతి ఎత్తుతాడని ఆమెకు తెలుసు.

ఆదివారం షెడ్డు నిండింది. రత్తయ్య ముందు వరసలో స్టూలేసుకున్నాడు. పండరి వెల్డింగు షాపు నుంచి గ్యాసు సిలిండర్లు తెప్పించి, ఫ్రేము వెనక గొట్టం మీద అతుకు పట్టేందుకు వెలిగారం పూసి, మంట పెట్టాడు. లోహం వేడెక్కింది. మొదట లేత పసుపు తేలింది. తర్వాత వంగపండు రంగు, దాని వెంట నెమలి మెడ నీలం. ఇనుము కాలితే కూడా రంగులు వస్తాయి గానీ ఇంత నిగనిగలాడవు. చూస్తున్నవాళ్లు ముందుకు వంగారు. పండరి ఇత్తడి కడ్డీ ఆనించాడు. అది కరిగి, గుండ్రటి చుక్కలై, చేమాకు మీద నీళ్లలా దొర్లి కింద పడింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ దొర్లింది. ముప్పై ఏళ్లలో అతని చేతి కింద అలా ఎన్నడూ జరగలేదు. మంట పెంచాడు. ఎర్రగా కాల్చాడు, తెల్లగా కాల్చాడు, నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా వదల్లేదు. నాలుగు కడ్డీలు నేలపాలయ్యాయి.

"ఇంక చాలయ్యా," అన్నాడు రత్తయ్య. "పట్టలేదు."

పండరి మంట ఆర్పాడు. గొట్టం మీద మంట తగిలిన నడిమి భాగం సున్నం పూసినట్టు పాలిపోయి, దాని చుట్టూ రంగులు కట్టు కట్టినట్టు నిలిచిపోయాయి. చల్లారినా పోలేదు. అతను ఆ రంగులను చూపిస్తూ, అందరికీ వినబడేలా అన్నాడు.

"అల్మీనమైతే ఈపాటికి కారి మట్టిల వడేది. గింత కాల్చినా నిలవడ్డది. సూడుండ్రి, ఎట్ల మెరుస్తుందో. గిది పాలక్యానా?"

ఇద్దరు ముగ్గురు తలలూపారు. రత్తయ్య లేచి కండువా దులుపుకున్నాడు. "పాలక్యాను కాకపోతే పాలక్యానుకు అన్న. ఇత్తడి పట్టలేదు, నా ఫ్రేము నా ఇంట్లోనే ఉంటుంది." ఆ తర్వాత పంచాయితీ మళ్లీ సరిగ్గా కూడలేదు. ఒకరిద్దరు చనిపోయారు, ఒకరిద్దరు మోటారుసైకిళ్ల మోజులో పడ్డారు, రత్తయ్యకు కళ్లలో శుక్లాలు వచ్చి బస్సెక్కడం మానేశాడు.

పండరి ఫ్రేమును మళ్లీ గోడకు తగిలించాడు. ఈసారి రంగుల వైపు బయటికి కనబడేలా తగిలించాడు. వచ్చినవాడికల్లా చూపించేవాడు. అగ్గిలో పడి లేచిందని, ఆ రంగులు దాని గొప్పతనానికి సాక్ష్యమని చెప్పేవాడు. వినేవాళ్లు పంక్చరు వెయ్యడం అయ్యేదాకా విని వెళ్లిపోయేవాళ్లు. ఒక్కటి మాత్రం అతను చెయ్యలేదు. ఆ రోజు తర్వాత ఆ ఫ్రేమును మళ్లీ తట్టలేదు. నెగ్గినదానికి పరీక్ష ఎందుకని తనకు తనే చెప్పుకునేవాడు. ఏడేళ్లు అదే చెప్పుకున్నాడు.

రెండువేల ఏడులో భానుప్రసాద్ మేనల్లుడు సాయికిరణ్ హైదరాబాదు నుంచి వచ్చాడు. వెంట సుస్మిత అనే స్నేహితురాలు. ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్నారు, ఇద్దరికీ పాత ఫ్రేముల పిచ్చి. అదీ మామూలు ఫ్రేములు కాదు. ఇరవై ఏళ్ల కిందట విదేశాల్లో కొండల మీద తొక్కడానికి చేసిన సైకిళ్ల ఫ్రేములు, అందులోనూ టైటానియంవి. అలాంటి పిచ్చివాళ్లు ఇంటర్నెట్‌లో దేశదేశాల నుంచి ఒకచోట చేరి, ఎవరి ఫ్రేము ఎవరి చేతిపనో, ఏ ఏడుదో పోల్చుకుంటారట. మేనమామ మాటల సందర్భంలో పాలక్యాను కథ చెబితే, సాయికిరణ్ భోజనం మధ్యలో లేచి, "మామయ్యా, మ్యాగ్నెట్ పట్టలేదా? రస్ట్ లేదా? పద," అన్నాడట.

వాళ్లు కారు డిక్కీలోంచి తమ రెండు ఫ్రేములు దించేలోపే పండరి గోడమీది దాన్ని తీసి బెంచీ మీద పెట్టాడు, వాళ్లవి దాని పక్కన పెట్టారు. మూడూ అదే బూడిదరంగు. మూడింటికీ అతుకుల దగ్గర చేప పొలుసులు పేర్చినట్టు ఒకే తీరు గీతలు. రంగుల వైపు కిందికి ఉంది. సుస్మిత మోకాళ్ల మీద కూర్చుని పెడళ్లు బిగించే గుండు కింద నంబరు చదివింది, మళ్లీ చదివింది. లేచి పండరి వైపు తిరిగింది.

"అంకుల్, ఇది టైటానియం. విమానాలకు వాడే మెటల్. ఉక్కంత బలం, సగం బరువు, జన్మలో తుప్పు పట్టదు. నా ఫ్రేము మంచిదే, సాయిది ఇంకా మంచిది. మీ దాని ముందు రెండూ దిగదుడుపే. ఒక ముసలాయన ఒంటిచేత్తో వెల్డింగు చేసినవి ఇవి. ప్రపంచం మొత్తం మీద ఎన్నో లేవు. అసలు మీరెలా కనిపెట్టారు?"

"మోతను వట్టి," అన్నాడు పండరి. "పదమూడు లెక్కవెట్టేదాక మోగిందమ్మా. భాను సార్ ఉండె. మందంత నవ్విండ్రు. నేను ఒక్కణ్నే అన్న, మన ఫ్రేములన్నిట్ల పైది అని."

"మీరు కరెక్ట్ అంకుల్," అన్నాడు సాయికిరణ్. "హండ్రెడ్ పర్సెంట్."

పదకొండేళ్లు ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి అతను. హీరాబాయిని కేకేసి పిలిచాడు. "ఇనవడ్డదా? ఇనవడ్డదా నీకు?" అన్నాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నవ్వింది. అతను అంత సంతోషంగా ఉండగా చూసి ఆమెకు ఎన్నేళ్లయిందో. భానుప్రసాద్ ఒక్కడే నవ్వలేదు. అతను బెంచీ కిందివైపు చూస్తున్నాడు.

"మాకూ వినిపించండి అంకుల్," అంది సుస్మిత. "మూడూ కడదాం."

కట్టారు. పండరి సుత్తి కర్ర తీసుకున్నాడు. సుస్మితది పదకొండు మోగింది. సాయికిరణ్‌ది పన్నెండు. పండరి తన దాని ముందుకు వచ్చి, ఒక క్షణం ఆగి, తట్టాడు.

టక్కుమంది. అంతే. కర్రను కర్రతో కొట్టినట్టు ఒక్క ముక్క శబ్దం వచ్చి, వెంటనే చచ్చిపోయింది.

భానుప్రసాద్ గడియారం మీద వేలు పెట్టి అలాగే ఉన్నాడు. ఎక్కడ పగులుందో ఎవరూ చూడకముందే పండరికి తెలిసింది. చెవి ముసలిది కాలేదు. అంతకంటే పెద్ద శిక్ష ఆ పూట అతనికి అక్కర్లేదు. సాయికిరణ్ ఫ్రేమును తిప్పాడు. రంగుల నడుమ, పాలిపోయిన చోట, వెంట్రుకంత గీత గొట్టాన్ని సగం చుట్టి ఉంది.

"ఇదెవరు కాల్చారు?" అన్నాడతను. అడిగాక ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

"నేనే," అన్నాడు పండరి. "ఇత్తడి పడుతదేమో అని."

సుస్మిత మెల్లగా చెప్పింది. ఈ లోహం వేడి మీద గాలిని తాగేస్తుందట. గాలి తగలకుండా ఇంకో వాయువు మధ్య పెట్టి దీన్ని అతుకుతారట. బయట మంట పెడితే లోపల కాల్చిన అప్పడంలా పెళుసెక్కిపోతుందట. ఆ రంగులు లోహం పాడైన గుర్తులట. ఒక మనిషి ఎక్కి కూర్చుంటే చాలు, విరుగుతుందట.

"ఇగ ఏం జెయ్యరాదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత అతన్ని ఊరడించాలని, "అంకుల్, ఈ నంబరు పట్టుకుని అడిగితే అసలు ఓనరు ఎవరో దొరకొచ్చు. ఆయనకు మెయిల్ చెయ్యనా?" అంది.

"వద్దమ్మా," అన్నాడు పండరి వెంటనే. "వద్దు." పదకొండేళ్లు ఆయన రావాలని రోడ్డువైపు చూసినవాడు, ఆ రోజునుంచి రావద్దని మొక్కుకున్నాడు. వాళ్లిద్దరూ ఫ్రేమును బాగున్న వైపు నుంచి ఫొటోలు తీసుకుని, హీరాబాయి పెట్టిన చాయ్ తాగి, ఏదో తప్పు తామే చేసినట్టు తలలు వంచుకుని కారెక్కారు.

భానుప్రసాద్ మంచివాడు. మంచివాళ్లు సగం నిజం చెప్పి చేసే నష్టం చెడ్డవాళ్లు చెయ్యలేరు. అతను వర్ని పోయి రత్తయ్యతో, పండరి మాటే నిజమైందని, అది విమానాలకు వాడే లోహమని చెప్పాడు. పగులు సంగతి మింగేశాడు.

ఆదివారం పొద్దున షెడ్డు ముందు ఆటో ఆగింది. రత్తయ్య దిగాడు. మనిషి సగమయ్యాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆటోలోంచి రెండు చేతులతో, ఎవరినీ ముట్టనివ్వకుండా, తన ఇంగ్లండు ఫ్రేమును దించుకుని లోపలికి తెచ్చాడు.

"పండరీ, మాటంటే మాట. ఓడిపోయాను. ఇది నీ దూలానికి కట్టేసి పోదామని వచ్చా. పదకొండేళ్లు నిన్ను నవ్వులపాలు చేశాను. మనసులో పెట్టుకోకు." "ఏదీ, నీ దాన్ని ఒక్కసారి తట్టు. కళ్లెలాగూ పోయాయి, వినన్నా విని పోతా."

పండరి గోడవైపు చూశాడు. తడితే టక్కుమంటుంది. ఎందుకని ఆయన అడుగుతాడు. అప్పుడు పరాయి సొత్తుకు పందెం కోసం నిప్పు పెట్టి చంపానని చెప్పాలి. ఆ నిప్పు పెట్టించింది నువ్వేనని కూడా ఆయనకు చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే, చచ్చిన ఫ్రేమును గోడకు పెట్టుకుని ఆయన తండ్రి సైకిలును గెలుచుకోవాలి. పదకొండేళ్లుగా అతను కోరుకున్నది ఈ ఒక్క పొద్దే. ఇప్పుడది కాళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"భాను సార్‌కు తెల్వక చెప్పిండన్నా," అన్నాడు పండరి. "పోరగాండ్లు మంచిగ సూసిండ్రు. కల్తీ లోహమంట. నువ్వు జెప్పిందే నిజం. పాలక్యానే."

రత్తయ్య ముఖం మెల్లగా విచ్చుకుంది. ముసలాయన పసిపిల్లవాడిలా నవ్వాడు. "నేను మొదట్లోనే అన్లా? బరువు లేనిదానికి బలమెక్కడిదయ్యా అని అన్లా?" వచ్చేటప్పుడు లేని ఓపికతో తన ఫ్రేమును తనే ట్యూబుకు కట్టుకుని, "దీన్నే వినిపించు అయితే," అన్నాడు. పండరి తట్టాడు. తొమ్మిది సెకన్లు. రత్తయ్య చెయ్యి మీసం మీదికి పోయింది. ఆటో కదిలేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు, సాయంత్రానికి ఆ మాట క్యాంపంతా తిరిగింది. పండరి చెవి తప్పని పండరే ఒప్పుకున్నాడట అని.

"ఎందుకట్ల చెప్పినవు?" అంది హీరాబాయి. "నిజం నీ దిక్కే ఉండె గదా."

"చెవి తప్పన్నరు, అననియ్యి. చెయ్యి తప్పంటె నేను బతకనే."

ఆమెకు ఏడుపొచ్చింది. అతనికి రాలేదు. ఫ్రేమును ఈసారి రంగుల వైపు గోడకు తిప్పి తగిలించాడు. బయటికి చూస్తే ఉన్నదున్నట్టే ఉంది.

నెలకో ఏమో, బిచ్కుంద నుంచి ఒకతను విరిగిన ఫ్రేము పట్టుకుని వచ్చాడు. పాత రకం ఉక్కు, పండరికి పావుగంట పని. ఊళ్లో వెల్డింగు షాపులు ఎన్ని ఉన్నా ఇత్తడి అతుకంటే పండరన్న చెయ్యేనని అందరూ చెప్పి పంపారన్నాడు. పండరి వెలిగారం డబ్బా తీశాడు, కడ్డీ తీశాడు, అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసి, అది వేళ్లదాకా కాలేవరకు చూస్తూ నిలబడి, కింద పడేశాడు.

"వేరే తాన జూసుకో బిడ్డా," అన్నాడు. "నా చెయ్యి మంచిగ లేదు."